ఎదుటివాడి ఎడంచెయ్యి

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న సంగతి నాకు అనకాపల్లి నుంచి చోడవరం పోయే బస్సులో తెలిసింది. అదీ సీటు కోసం పోట్లాడి, గెలిచి, కూర్చుని, ఓడినవాడితో రాజీ కబుర్లు మొదలుపెట్టాక. ఓడినవాడు బుచ్చయ్యపేట ఆసామీ. ఒళ్లో అరటిగెల పెట్టుకుని నా పక్కనే ఇరుక్కున్నాడు. మీ ఊళ్లో ఒక మాస్టారుండాలి, బావమరిది ఇంటి పక్కన కాపురం, ఖాకీ నిక్కరు, ఇంతేసి మీసాలు, ఎలా ఉన్నారని అడిగాను.

"ఆయనా? పోనారు కదండీ. సెరుకు నరుకులప్పుడే పోనారు," అన్నాడు, గెల మీద వాలిన ఈగని తోలుతూ.

"అయ్యో! ఏమొచ్చింది?"

"ఏటొస్తాదండీ. జొరమే."

అంత మనిషి ఉత్త జ్వరానికి లొంగిపోవడం నాకు బొత్తిగా నచ్చలేదు. చావులు పంచిపెట్టే పని నా చేతిలో ఉంటే ఆయనకి కనీసం ఒక పిడుగైనా కేటాయించి ఉండేవాణ్ణి. జ్వరం నాబోటివాళ్లకి సరిపోతుంది.

నేను ప్రతిదీ పదింతలు చేసి చెబుతానని మా ఇంట్లో ఒక అపవాదు ఉంది. పచ్చి అబద్ధం. ఆరింతలు దాటి నేనెప్పుడూ వెళ్లలేదు. మాస్టారి విషయంలో ఆ శ్రమ కూడా నాకు లేదు, ఆయన్ని దేవుడే ఆరింతలు చేసి పంపాడు. పేరు మాత్రం రాయను. బతికున్నన్నాళ్లూ ఊరు ఊరంతా 'డ్రిల్లు మాస్టరు' అన్న మాటతో సరిపెట్టుకుంది. పోయాక ఇప్పుడు కొత్తగా పేరెట్టి పిలిచి మర్యాద చెయ్యడం నాకు చేతకాదు.

ఆయన ఖాకీ నిక్కరుకి పట్టే గంజితో ఒక పెళ్లివారి విడిదికి తరవాణీ పొయ్యవచ్చు. సందు మలుపులో ముందు నిక్కరు కనిపించేది, కాసేపటికి దాని లోపల మాస్టారు వచ్చేవారు. మీసాలు రెండూ రెండు వేర్వేరు తాలూకాలకి పోయేవి. ఈల ఊదితే గోవాడ దారిలో పోతున్న చెరుకు బళ్ల ఎడ్లు టక్కున ఆగిపోయేవి. బళ్లవాళ్లు ఎడ్లని కొట్టకుండా మాస్టారిని తిట్టుకునేవారు. యుద్ధం రోజుల్లో పటాలంలో చేరి బర్మా సరిహద్దు దాకా వెళ్లొచ్చారు. అక్కడ తుపాకీ పేల్చారో లేదో ఎన్నడూ చెప్పలేదు. పక్క గుడారాల్లో ఉన్న అమెరికా సోల్జర్లు సాయంకాలాలు బాస్కెట్‌బాల్ ఆడుతూంటే చూసి, వాళ్లలో దిగి నేర్చుకున్న సంగతి మాత్రం అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవారు. ప్రపంచ యుద్ధం మొత్తం తనకి ఆ ఆట నేర్పడానికే జరిగిందని ఆయన గాఢంగా నమ్మేవారు.

ఆయనకి ఒకే ఒక సిద్ధాంతం ఉండేది.

"ఒరే, ఆడి మొకం ఎందుకు సూస్తారు? మొకమేటి బంతాడతాదా? ఆడి ఎడంచెయ్యి సూడండి. ఎంత పెద్ద లోగిలికైనా దొడ్డిగుమ్మం ఉంటాది. దానికి గడియెయ్యడం మర్సిపోతారు."

ఈ సిద్ధాంతాన్ని ఆయన మైదానంలో వదిలిపెట్టి ఇంటికి వెళ్లే రకం కాదు. సంతలో వంకాయలు బేరమాడాలంటే అమ్మేదాని ఎడమవైపు నుంచి చేరేవారు. క్షవరానికి కూర్చుంటే మంగలి ఎడంచేతి మీద కన్ను వేసి ఉంచేవారు. కాఫీ హోటల్లో కూర్చుని, ఎదుటి బల్ల దగ్గర ఫలహారం చేస్తున్న ఏ అమాయకపు గుమస్తానో చూపించి, మా చెవుల్లో, "సూడు, కుడిసేత్తో ఇడ్డెను తుంపుతన్నాడు. ఎడంచేత్తో ఈగని తోల్లేకపోతన్నాడు. ఈడికి కుడేపు కట్టీసేవనుకో, ఈడు బంతి తియ్యలేడు," అనేవారు. ఆ గుమస్తా జన్మలో బంతి ముట్టుకుని ఉండడు. అయినా ఆ రోజు నుంచీ మా దృష్టిలో అతను ఓడిపోయినవాడే.

మేం అయిదుగురం. బడి చదువు పూర్తయి, ఏదో ఒక ఉద్యోగంలో చేరినవాళ్లం కొందరం, చేరబోతున్నామని ఇంట్లో నమ్మించినవాళ్లం కొందరం. సాయంత్రమయ్యేసరికి హైస్కూలు వెనక మైదానంలో తేలేవాళ్లం. మైదానమంటే మట్టి నేల, పేడ అలుకు, రెండు సరుగుడు స్తంభాలు, వాటికి మామిడి పలకలు. బుట్టల ఇనప కమ్ములు బండిచక్రాల పట్టాలు వేసే కమ్మరి చేసి పెట్టాడు. నూతి వైపు మూల నేల మెత్తగా ఉండేది. అక్కడ బంతి కొడితే తిరిగి లేవదు, మాగన్నుగా పడుకుంటుంది. మేం దానికి చచ్చినమూల అని పేరు పెట్టుకున్నాం.

ఆట ఎంత నేలమీద జరిగేదో అంత హోటలు బల్లమీదా జరిగేది. మా ప్రాంతంలో బెల్లానికి కరువు లేదు. మాస్టారు బల్లమీద అయిదు బెల్లం ముక్కలు పెట్టేవారు, అవి మేము. అయిదు చింతపిక్కలు పెట్టేవారు, అవి ఎదుటి జట్టు. బెల్లం ముక్కల్ని అటూ ఇటూ జరుపుతూ, ఎవడు ఎవణ్ణి కాయాలో, ఎవడు ఎటు దూరాలో చెబుతూ చెబుతూ ఆలోచనలో పడి ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవారు. ఆ ముక్క ఎవరైతే వాడికి ప్రాణం ఉసూరుమనేది. నన్ను నేను నలుగురి ఎదుట నమిలి మింగబడగా చూసుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

"మాస్టారండీ," అని మొత్తుకునేవాడు హోటలు యజమాని, "మీ జట్టుకి నా బెల్లం సాల్డం నేదు. ఆడితే ఆడండి గానీ మద్దెలో ఆటగాళ్లని తినీకండి బాబూ."

ఇంత మనిషికీ ఉద్యోగం మాత్రం ఏటా చచ్చి ఏటా పుట్టేది. మా హైస్కూలు కమిటీవారు ఒక కిటుకు కనిపెట్టారు. డ్రిల్లు మాస్టరు టెంపరరీ. ఏప్రిల్లో బడి మూసేటప్పుడు తీసేస్తారు, జూన్‌లో తెరిచేటప్పుడు మళ్లీ వేసుకుంటారు. వేసవి రెండు నెలలూ జీతం ఇవ్వక్కర్లేదు, బడివారిచ్చిన ఇల్లూ ఖాళీ చేయించవచ్చు. కాబట్టి ఏప్రిల్ వచ్చేసరికి మాస్టారి ఇంటిముందు ఎడ్లబండి నిలబడేది. మేము అమ్మగారు అని పిలిచే ఆయన భార్య, చట్టీలూ కుండలూ రోలూ రోకలీ బండికెక్కించి, బుచ్చయ్యపేటలో అన్నగారింటికి పోయేది. జూన్‌లో అవన్నీ మళ్లీ దించేది. ఎక్కించేటప్పుడొకటీ దించేటప్పుడొకటీ పగిలేవి.

"కాకులు నయం బాబూ," అందొకసారి నాతో. "గూడెట్టుకున్నాక పిల్లలకి రెక్కలొచ్చీదాకా ఎవులూ లెగ్గొట్టరు."

ఆమె పంతం ఒకటే. ఉద్యోగం పెర్మినెంటు కావాలి, సామాను మళ్లీ బండెక్కకూడదు. మాస్టారికి పైకి చెప్పుకోవడం చేతకాదు గానీ ఆయన పంతమూ అదే.

ఆ కమిటీకి ప్రెసిడెంటు ఒకాయన. ఆయన చెరుకు తోటలు దేవరాపల్లి దారిలో మొదలై ఎక్కడ ఆగుతాయో ఆయనకే తెలీదు. ఆయనకి ప్రాణమల్లా కోళ్లు. పందెం పుంజులకి బాదంపప్పు నానబెట్టి పెట్టించేవాడు. వాటికి వేసవి సెలవులు కూడా ఉండేవి కావు, పన్నెండు నెలలూ మేతే. మా జట్టులో అయిదోవాడు ఆయన మేనల్లుడు. ఆ అభిమానం కొద్దీ, మద్రాసు నుంచి మన రాష్ట్రం విడివడిన కొత్తలో, తన తండ్రిగారి జ్ఞాపకార్థం ఒక వెండి కప్పు చేయించి పోటీలు పెట్టించాడు. కప్పు పెద్దదే. అందులో ఒక పుంజు సుఖంగా పొదగవచ్చు, పుంజులకి ఆ అలవాటుంటే.

చుట్టుపక్కల జట్లన్నిటినీ కొట్టుకుంటూ మేం ఆఖరాటకి వచ్చాం. అవతల నుంచి విజయనగరం జట్టు వచ్చింది. అప్పుడు ప్రెసిడెంటుగారు హోటలు ముందు కారాపి, మాస్టారిని బయటికి పిలిచి, బజారంతా వినేటట్టు చెప్పాడు.

"మాస్టరూ, కప్పు మనూళ్లోనే ఉండిపోవాల. కప్పుంటే నువ్వూ ఉంటావు. పెర్మినెంటు సేయించీస్తాను."

మాస్టారు సెల్యూట్ కొట్టారు. సాయంత్రానికి ఆ మాట అమ్మగారి దాకా వెళ్లింది. మర్నాడు పొద్దున్న ఆవిడ వీధరుగుకి మట్టి మెత్తి అలకడం నేను కళ్లారా చూశాను. తనది కాని అరుక్కి ఎవరూ అలా మెత్తరు.

విజయనగరంవాళ్లు అనకాపల్లిలో ముందుగా ఒక సరదా ఆట ఆడుతున్నారని తెలిసి మాస్టారు వెళ్లి చూసొచ్చారు. ఎవరూ గుర్తుపట్టకూడదని తలపాగా చుట్టి, బెల్లం కొనడానికొచ్చిన రైతు వేషం వేశారు. కింద ఖాకీ నిక్కరు అలాగే ఉంది. తిరిగొచ్చి హోటల్లో కూర్చున్నారు. మేం చుట్టూ మూగాం.

"ఎలా ఉన్నారు మాస్టారూ?"

"సానా బాగున్నారు," అన్నారాయన సంతోషంగా. ఎదుటివాళ్లు ఎంత బాగుంటే ఆయనకంత సంతోషం. "ఆళ్లతో సమానంగా పరిగెడితే మన నాలికలు బయటికొచ్చీస్తాయి, ఆళ్లకి సెమట కూడా పట్టదు."

చింతపిక్కలు నాలుగు పెట్టారు. అయిదోవాడికి చింతపిక్క చాలదని, సాంబారులోకి తరుగుతున్న బెండకాయల్లోంచి ఒకటి తెప్పించి నిట్టనిలువుగా నిలబెట్టారు. వాడు వాళ్ల కెప్టెను, నడిమి ఆటగాడు. బుట్టకింద నిలబడి చెయ్యెత్తితే చాలట, బంతి పైనుంచి పెట్టేస్తాడట, అటకమీద ఆవకాయ జాడీ పెట్టినట్టు.

"మనిషికి మనిషిని కాపలా పెడదాం మాస్టారూ," అన్నాడు మేనల్లుడు.

"కాళ్లు ఆళ్లయిరా. నువ్వు ఆడి ఎనకాల పడితే కుక్క బస్సు ఎనకాల పడినట్టుంటాది. సేను కాపలావోడు ఆవు ఎనకాల ఊరంతా తిరుగుతాడేటి? సేను దగ్గిరే కూకుంటాడు. మనవూ మనుసుల్ని కాయొద్దు, నేలని కాద్దాం. ముందిద్దరు, ఎనక ముగ్గురు. బెండకాయ సేనులోకొచ్చేడా, ముందొకడు, ఎనకొకడు. అట్టుని రెండేపులా కాల్చినట్టు కాల్చీయాల."

"మరి మూలలు ఖాళీ అయిపోతాయి కదండీ?" అన్నాను.

"అవనీ. మూలల నించి ఆళ్లు ఏస్తే కాకులు లెగుస్తాయి గానీ గోలు పడదు. సూసొచ్చేను."

తరవాత దాడి సంగతి. మాలో కొంచెం పొడుగువాడు సైకిలు షాపతను. అతన్ని బుట్టకింద ఉండొద్దన్నారు, బాగా దూరంగా బయటికి పొమ్మన్నారు. "నువ్వు బయటికి పోతే బెండకాయ నీ ఎనకాలొస్తాడు. ఆడొచ్చీసేక బుట్టకింద ఇల్లు ఖాళీ. అప్పుడీ పొట్టోడు ఎనకనించి దూరిపోతాడు." పొట్టోణ్ణి నేను. "ఇకపోతే ఒక్క గోలు మనకి ఎక్కువుందనుకోండి. ఆటాఖరికొచ్చీసింది. అప్పుడు నేను మీసం మీద సెయ్యేస్తాను. ఎయ్యగానే ఇంక బుట్టకేసి సూడొద్దు. బంతి దాసీండి."

"దాచెయ్యడమేంటి మాస్టారూ?"

"మీలో మీరే ఇచ్చుకోండి. ఈడు ఆడికి, ఆడు ఈడికి. ఆళ్ల సేతికి సిక్కకూడదు. ఫలానా టైములోగా గోలెయ్యాలని రూల్లో ఎక్కడేనా ఉందేటి?"

ఇప్పుడుందేమో. అప్పట్లో మాత్రం అలాంటి నిబంధన మా మైదానం దాకా రాలేదు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాస్టారు మాత్రం తృప్తిగా బెండకాయని కూడా నమిలేశారు, పచ్చిగానే.

ఆట రోజు చోడవరంలో ఇళ్లన్నీ తాళాలు పడ్డాయి. చెట్లమీద ఆకులకన్నా మనుషులు ఎక్కువ. విశాఖపట్నం నుంచి ఒక పెద్ద ఆఫీసరుని పిలిపించి, ప్రెసిడెంటుగారు తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా బల్ల, బల్లమీద కప్పు. ఆ జనంలో బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్లు ఎందరో నాకు తెలీదు. కోడిపందెం తెలియనివాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆ సంగతి అప్పుడు మాకు ముఖ్యమనిపించలేదు.

బెండకాయని నేను దగ్గరగా చూశాను. అతని మొహం చూడాలంటే మెడ పట్టేసేది. కానీ మాస్టారు చెప్పినట్టే రెండువైపులా కాల్చాం. బంతి అతనిదాకా రాకుండా ముందొకడు, వచ్చినా తిరగనివ్వకుండా వెనకొకడు. వాళ్లలో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడికి కుడివైపు కట్టేశాం. వాడు ఎడంచేత్తో బంతి కొట్టుకుంటూ, మేం తోలిన దారినే పోయి, సరాసరి చచ్చినమూలలో దిగాడు. బంతి కొట్టాడు. లేవలేదు. దగ్గర చుట్టం పోతే చూసినట్టు దానికేసి చూస్తూ నిలబడ్డాడు. నేను వంగి ఎత్తుకుపోయాను. జనం ఈలలు. అటునుంచి మా సైకిలు షాపతను బయటికి పోయాడు, బెండకాయ అతని వెనక పోయాడు, నేను ఖాళీ ఇంట్లో దూరి బంతి వేశాను. బల్లమీద బెల్లం ముక్కలు నడిచినట్టే నడిచింది.

ఇంతలో ఒక తిరకాసు వచ్చింది. వాళ్లలో ఒక బట్టతల ఆయన మూలనుంచి వెయ్యడం మొదలుపెట్టాడు. కాకులు లేవలేదు. గోళ్లు పడ్డాయి. విరామానికి మేం వెనకబడ్డాం. నీళ్లు తాగుతూ మాస్టారికేసి చూశాం. ఆయన నేలమీద వేలితో ఒక చదరం గీశారు.

"మీరు నలుగురూ నాలుగు మూలలూ కాయండి. ఒరే అబ్బీ," అన్నారు మేనల్లుడితో, "నీకు నేలతో పన్లేదు. నీకు బట్టతలే. ఆడు మంచినీళ్లకి పోతే నువ్వూ పో. ఆడు తుమ్మితే నీకు తుంపరలు పడాల."

పడ్డాయి. బట్టతల ఆయనకి ఆ తరవాత బంతి కనిపించలేదు, మేనల్లుడే కనిపించాడు. మెల్లిగా సమానమయ్యాం. ఆఖరి నిమిషాల్లో నేను మళ్లీ వెనకనుంచి దూరి ఒక్క గోలు ఎక్కువ చేశాను. గీత బయట మాస్టారి చెయ్యి మీసం మీదకి వెళ్లింది.

మేం బంతి దాచాం.

నేను సైకిలు షాపతనికిచ్చాను, అతను ఇంకొకడికి, వాడు మేనల్లుడికి, మేనల్లుడు నాకు. విజయనగరంవాళ్లు మేం వేస్తామని బుట్టకిందే కాసుకుని ఉన్నారు. వేస్తే కదా! వాళ్లకి అర్థమయ్యి మీదకి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక వాళ్ల చేతుల కిందనుంచి ఇచ్చుకున్నాం. మాస్టారు మాకు నేర్పిన ఆటల్లోకెల్లా కష్టమైన ఆట అదే. చూసేవాళ్లకి మాత్రం అది ఆటలా లేదు. ముందు నవ్వారు.

"ఒరే, బంతిని పొదుగుతన్నార్రోయ్!"

"పిల్లలెప్పుడెడతాదిరా?"

తరవాత నవ్వు పోయింది, కేకలు మిగిలాయి. "ఆడండ్రా!" "థూ, కలబడండ్రా!" ఆఫీసరు వాచీ చూసుకుని ఆవలించాడు. ఆ ఆవలింత ప్రెసిడెంటుగారి గుండెల్లో గునపంలా దిగింది. ఆయన కుర్చీలోంచి లేచాడు. బంతి సరిగ్గా అప్పుడే మేనల్లుడి చేతిలో ఉంది.

"ఒరే! ఎయ్‌రా! మగోడివైతే ఎయ్‌రా బుట్టలో!"

మేనల్లుడు మేనమామకేసి చూశాడు. ఆ ఇంటి అన్నం, ఆ ఇంటి పొలం, రేపు ఆ ఇంటి పిల్ల. తరవాత మాస్టారికేసి చూశాడు. ఆయన చెయ్యి మీసం మీదే ఉంది. మేనల్లుడు బంతి నాకిచ్చాడు. ఈల మోగింది. గెలిచాం.

మేం మాస్టారిని భుజాలమీదకెత్తాం. గంజి నిక్కరు నా మెడని కోసేసింది. బడి పిల్లగుంటలు కొందరు "గెలిసీసేం! గెలిసీసేం!" అంటూ ఊళ్లోకి పరిగెత్తారు, అమ్మగారికి చెప్పడానికి.

ప్రెసిడెంటుగారు కప్పు చేతిలోకి తీసుకుని, గొంతు సవరించుకుని, ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"ఏటర్రా, మీరంతా పందేలు సూసినోళ్లే కదా. బరిలో పుంజు కలబడి, నెత్తురోడి పడిపోతే, దాన్ని ఏటంటారు?"

"మొనగాడంటాం!"

"ఎదర నిలబడకుండా తోకెత్తి తిరిగిపోనాది. అప్పుడేటంటారు?"

"ఓడిపోనాదంటాం!" అన్నారు జనం ఒక్క గొంతుతో.

"మన పుంజు తిరిగిపోనాది. అందరూ సూసేరు. సోడవరం దొంగ గెలుపు తినదు. కప్పు ఆళ్లది!"

చెట్లు కూలిపోయేటట్టు చప్పట్లు కొట్టారు. మా ఊరివాళ్లే. మాకోసం పొద్దున్నుంచీ చెట్లెక్కిన మావాళ్లే. బెండకాయ పాపం పెద్దమనిషి. "మేం ఓడిపోయామండీ," అన్నాడు ఒకటికి రెండుసార్లు. ఆఫీసరు అతని వీపు తట్టి, "తీసుకోవయ్యా, ఇంత పెద్దమనసు నేనెక్కడా చూడలేదు," అని ప్రెసిడెంటుగారికి షేక్‌హ్యాండిచ్చాడు. రిఫరీగా వచ్చిన సైన్సు మాస్టారు ఈల నోట్లోనే ఉంచుకుని, అది నోట్లో ఉంది కాబట్టి మాట్లాడలేనన్నట్టు నిలబడ్డాడు. కప్పు వెళ్లిపోయింది.

మాస్టారు మా భుజాలమీంచి తనే దిగారు. నడుచుకుంటూ వెళ్లి బల్లముందు అటెన్షన్లో నిలబడ్డారు.

"బాబూ, గోళ్లు లెక్కెట్టించండి."

"గోళ్లు కాదు మాస్టరూ. గుండె సూస్తాం మేము."

"మరి నా సంగతి బాబూ?"

"నేనేటన్నాను? కప్పుంటే నువ్వుంటావన్నాను." ప్రెసిడెంటుగారు ఖాళీ బల్ల చూపించాడు. "కప్పేదీ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మాస్టారు సెల్యూట్ కొట్టి, వెనక్కి తిరిగి, మమ్మల్ని వెంటబెట్టుకుని ఇంటికి నడిచారు.

గుమ్మంలో అమ్మగారు ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడి ఉంది. గుంటలు చెప్పిన కబురు దగ్గరే ఆవిడ ఆగిపోయింది. ఆ తరవాత మైదానంలో జరిగింది ఆమెదాకా రాలేదు. మా అయిదుగుర్నీ వరసగా నిలబెట్టి దిష్టి తీసింది. ఆఖర్న మాస్టారికి తీస్తూ, "పెర్మినెంటేనా?" అంది.

మాస్టారు మావైపు చూశారు. చెయ్యి మీసం మీదకి పోయింది.

"గెలిసేం," అన్నారు.

ఆవిడ ఆ రాత్రి మాకు పాయసం వండిపెట్టింది. బెల్లం పాయసం. మేనల్లుడు తినలేక లేచి వెళ్లిపోయాడు. మేనమామ ఇంట్లో కూడా ఆ రోజు అన్నం ముట్టలేదని తెలిసింది. మర్నాడు ముట్టాడు. ఆ తరవాత ముహూర్తాలకి ఆ పిల్లనే చేసుకున్నాడు. మేం కూడా పెళ్లికి వెళ్లి భోజనాలు చేశాం. వంకాయ కూర బాగుంది.

అలా అని ఊరుకున్నామనుకోకండి. మేం నలుగురం కమిటీకి వెళ్లి అడుగుతామని మాస్టారి దగ్గర కూర్చున్నాం. "సందు లేని సోట బంతెయ్యకూడదు," అని ఆయన మమ్మల్ని కదలనివ్వలేదు. ఏప్రిల్ వచ్చింది. ఎడ్లబండీ వచ్చింది. అమ్మగారు ఈసారి హుషారుగా ఎక్కింది. చట్టీలు సర్దుకుంది, బట్టలు మూటగట్టుకుంది. రుబ్బురోలు మాత్రం పెరటి వసారాలోనే వదిలేసింది. నేను ఎత్తబోతే వద్దంది.

"పెర్మినెంటోళ్లు సెలవులకెళ్తూ రోలు మోసుకుపోతారేటి బాబూ? జూన్నెల్లో వొచ్చీస్తాం కదా."

మాస్టారు బండి తాళ్లు బిగిస్తున్నారు. అప్పటికే బిగిసిన తాడుని మళ్లీ బిగించారు.

జూన్‌లో బడి తెరిచారు. కొత్త డ్రిల్లు మాస్టరు దిగాడు. ప్రెసిడెంటుగారికి వేలువిడిచిన చుట్టం. బాస్కెట్‌బాల్ చూపిస్తే గుమ్మడికాయ అనుకుని గుమ్మానికి కట్టగల సమర్థుడు. అతనిది పెర్మినెంటు. అదే ఇంట్లో దిగాడు. అమ్మగారు మెత్తిన అరుగుమీద కూర్చుని చుట్ట కాల్చేవాడు.

వర్షాలు పడ్డాక ఒక పూట మాస్టారు బండి తోలించుకుని వచ్చారు. నేను అటుగా పోతూ చూసి ఆగాను. నిక్కరుకి గంజి లేదు. లోపల కొత్త మాస్టారి భార్య అదే రోట్లో మినప్పిండి రుబ్బుతోంది. తన రోలు కోసం వచ్చానని ఆయన చెప్పారు. ఆవిడ కంగారుపడి పిండి తోడెయ్యబోయింది.

"కానీ అమ్మా. రుబ్బుకో. తొందరేటి," అని అరుగుమీద కాదు, అరుగు కింద రాయిమీద కూర్చున్నారు. ఆవిడ రుబ్బడం అయ్యేదాకా కూర్చున్నారు. తరవాత తనే నూతినీళ్లతో రోలు కడిగారు. ఇద్దరం కలిసి దొర్లించుకుంటూ వెళ్లి బండిమీదకెత్తాం. నడుం పట్టేసి నేను బండిచక్రం పట్టుకుని నిలబడ్డాను.

"మాస్టారూ, ఆ రోజు బంతి దాచకుండా, ప్రెసిడెంటుగారన్నట్టు కలబడి ఉంటే ఏమయ్యేది?"

ఆయన ఆ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేదు. హోటలు బల్లముందు కూర్చున్నప్పుడు కళ్లు ఎలా చిన్నవయ్యేవో అలా అయ్యాయి. రెండు జట్లనీ మనసులో నిలబెట్టి నడిపించి చూసుకున్నారు.

"కలబడితే ఓడిపోదుం. బెండకాయ ఒక్కడే సాలు మనల్ని మింగీడానికి," అన్నారు. మళ్లీ కాసేపాలోచించి, "ఓడిపోయుంటే కప్పు మనకిచ్చీసీవోడేటో," అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

బండివాడు ఎడ్లని అదిలించాడు. మాస్టారు రోలు పక్కనే ఎక్కి కూర్చుని, అది దొర్లకుండా కాలు అడ్డం పెట్టారు. నేను బండి పక్కన నాలుగడుగులు నడిచాను.

"అమ్మగారికేం చెప్పారండీ?"

"గెలిసేమని ఎప్పుడో సెప్పేను కదా. అబద్ధమేటి?"

"ఉద్యోగం సంగతి?"

"గెలిసీసినాక ఇంకక్కడేటుందని నేనే మానీసేనన్నాను."

"ఏమన్నారు?"

ఆయన రోలుమీద పడుతున్న చినుకుల్ని చూస్తూ చెప్పారు.

"ఏటంటాది. రోలు అట్టుకొచ్చీమంది."